గడీలు చూడ్డానికి బండి తీస్తున్నారా? ముందు ఊళ్ళో చాయ్ తాగండి

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, కొత్తగా కొన్న క్లాసిక్ 350 బండి, ఆదివారాలు ఖాళీ. పాడుబడ్డ గడీలు (పాతకాలం దొరల కోటల్లాంటి ఇళ్ళు), కోటలు, మూతపడ్డ ఫ్యాక్టరీలు చూడాలని ఉంది. ఒక్కడినే వెళ్ళొచ్చా, పర్మిషన్ ఎవర్ని అడగాలి, ఏమేం పట్టుకెళ్ళాలి, రాత్రి లోపలే పడుకోవచ్చా, కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు ఎలా ఉంటాయి అని అడిగారు. ఈ ఆదివారం జనగామ వైపు విసునూరు గడీతో మొదలుపెడదామనుకుంటున్నారు. చివర్లో "ఎవరూ పట్టించుకోని బిల్డింగులే కదా, సైలెంట్‌గా వెళ్ళి సైలెంట్‌గా వచ్చేస్తే సరిపోదా" అని కూడా రాశారు. ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను.

నేను పన్నెండేళ్ళుగా ఈ పని మీద తిరుగుతున్నాను. మొదట్లో పాత పల్సర్, ఇప్పుడు హిమాలయన్. ఎక్కువగా తెలంగాణ గడీలు, అప్పుడప్పుడూ కోటలు, రెండు మూడు మూతపడ్డ గనులు. ఇన్నేళ్ళలో ఎవరూ పట్టించుకోని బిల్డింగు ఒక్కటంటే ఒక్కటి నాకు తగల్లేదు. కప్పు కూలి, గోడల్లో రావి మొలిచి, దర్వాజా కూడా ఎవరో ఊడబీక్కుపోయిన గడీ అయినా సరే, దాని నీడన మేకలు కట్టేసుకునే మనిషి ఒకడుంటాడు. వెనక గోడకి పిడకలు కొట్టే ఆమె ఉంటుంది. లోపలి చిన్న గుళ్ళో దసరాకి దీపం పెట్టడానికి కారేసుకొచ్చే వారసులుంటారు. ఆ వారసులకీ దాయాదులకీ కోర్టులో కేసు నడుస్తూ ఉంటుంది. పైగా సైలెంట్‌గా వెళ్ళడం అనేది పల్లెలో కుదిరే పని కాదు. బండి పొలిమేర దాటగానే కుక్కలు చెప్పేస్తాయి. మీ బండైతే కుక్కల కంటే ముందు సైలెన్సరే చెప్పేస్తుంది.

నాకు ఈ సంగతి తెలిసొచ్చిన రోజు గురించి చెబుతాను. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె, పేరు వద్దు. అప్పటికి ఈ పని నాకు కొత్త. మీలాగే ఆలోచించి, ఊళ్ళోకి పోకుండా చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి, గడీ వెనక తుమ్మపొదల చాటున బండి పెట్టి, కూలిన గోడ మీంచి లోపలికి దూకాను. అరగంట కూడా కాలేదు, ఫోటో తీసి వెనక్కి తిరిగితే ఆరుగురు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో నేను బండి దగ్గర వదిలేసిన బ్యాగు. అందులో ట్రైపాడ్, టార్చి, తాడు, వీటితోపాటు క్యాంపింగ్‌కి పనికొస్తుందని ఆన్‌లైన్లో కొన్న మడత పార. వాడు ఆ పారని బయటికి తీసి, మడత విప్పి, నా ముందు నేల మీద పెట్టి అడిగాడు: "ఇది ఫోటోలు దియ్యనీకె తెచ్చినవా అన్నా?"

ఏం చెబుతాను? గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళ బెడద పల్లెల్లో ఎంత ఉందో నాకప్పటికి తెలీదు. పాత గుళ్ళు, గడీలు, కోట బురుజులు, ఎక్కడ పాత రాయి కనబడితే అక్కడ రాత్రికి రాత్రి గుంతలు పడతాయి. పొద్దున చూస్తే నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. అలాంటి ఊళ్ళో బండి దాచిపెట్టి, పార పట్టుకుని గోడ దూకినవాడిని నేను. మూడు గంటలు పంచాయతీ అరుగు మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, అదే పదివేలు. చివరికి సర్పంచ్ భర్త వచ్చి, నా ఆఫీసు ఐడీ కార్డు చూసి, కెమెరాలో ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ అన్నీ చూసి, "ముందుగాల మా ఇంటికొస్తే నేనే సూపిద్దును గదా" అన్నాడు. చాయ్ తాగించి పంపాడు. పార మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, నేను కూడా అడగలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు మన దగ్గర కొత్తవాళ్ళ మీద దాడులు జరిగాయి, ప్రాణాలు కూడా పోయాయి. నేను ఆ నెలలో దొరికి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయం.

అప్పట్నుంచీ నా పద్ధతి మారింది. ఊరు రాగానే గడీ వైపు పోను. బస్టాండు దగ్గర హోటల్ ముందు, పదిమందికీ కనబడేలా బండి ఆపుతాను. హెల్మెట్ తీస్తాను, ఎందుకంటే ముఖం కనబడని మనిషితో ఎవరూ మాట కలపరు. చాయ్ చెబుతాను. సగం గ్లాసు కాకముందే ఎవరో ఒకరు అడుగుతారు, "యాడికెల్లి వస్తున్నరు?" అని. హైదరాబాద్ నుంచి, మీ ఊరి గడీ బాగుంటదని విన్నా, చూసి పోదామని వచ్చా అంటే చాలు. అక్కడి నుంచి వాళ్ళే చెప్పుకుంటూ పోతారు. తాళం ఎవరింట్లో ఉంది, ఏ వైపు మిద్దె పోయిన వానల్లో కూలింది, ఏ బురుజు మీద తేనెతుట్టె ఉంది, దొర మనవడు ఏ ఊళ్ళో ఉంటాడు. గూగుల్ మ్యాప్‌లో దొరికే సమాచారం కాదిది. తాళం మనిషి పొలానికి పోయి ఉంటే మధ్యాహ్నం దాకా ఆగాల్సి వస్తుంది. ఆగండి. ఆ రెండు గంటల్లో వినేదే ఒక్కోసారి గడీ కంటే బాగుంటుంది.

అడగాల్సింది ఎవర్ని అంటే, సర్పంచ్‌ని, పంచాయతీ సెక్రటరీని, అన్నిటికంటే ముందు కారోబార్‌ని. ఇంటిపన్ను వసూలు చేసేది ఆయనే కాబట్టి ఏ గోడ ఎవరిదో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. వారసుల ఫోన్ నంబరు కూడా చాలాసార్లు ఆయన దగ్గరే దొరుకుతుంది. గడీలో బడి నడుస్తుంటే హెడ్మాస్టరు. ఆదివారం వీళ్ళెవరూ సీట్లో ఉండరు, అందుకని శనివారమే ఫోన్ చేసి పెట్టుకోవడం మంచిది. వారసులు వద్దంటే వద్దనే. నాకు అలా మూడు చోట్ల కాదన్నారు, ఒక చోట మాత్రం రెండేళ్ళ తర్వాత వాళ్ళే పిలిచి చూపించారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. దురుద్దేశంతో ఇతరుల స్థలంలోకి చొరబడితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద 3 నెలల దాకా, ఇల్లయితే ఏడాది దాకా జైలు. నాకు దురుద్దేశం లేదు కదా అని మీరు వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన వినేది కోర్టులో. దానికి ముందు స్టేషన్ ఒకటుంటుంది. పురావస్తు శాఖ బోర్డు ఉన్న చోటైతే గోల లేదు, వాళ్ళ టైమింగ్స్‌లో దర్జాగా వెళ్ళి రావచ్చు. ఇంకోటి, లోపల పాత నాణెం దొరికినా, పింగాణీ ముక్క దొరికినా జేబులో వేసుకోకండి. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఒకటుంది. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది.

గడీ కథ మీకు ఎంత తెలుసో గానీ కొంచెం చెప్పకుండా ముందుకు పోలేను. నిజాం కాలంలో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు, అంటే ఊళ్ళ మీద పెత్తనం చేసిన దొరలు, ఉండడానికి, పాలించడానికి కట్టుకున్నవివి. ఇల్లు, కచేరీ, ధాన్యం గోదాం, మనిషిని కట్టేసే గది, అన్నీ ఒకే ప్రహరీలో. మూలలకి బురుజులు, ముందు ఏనుగు పట్టేంత దర్వాజా, అందులో మనిషి వంగి దూరే దిడ్డి తలుపు. చుట్టుపక్కల పల్లెల వెట్టిచాకిరీ లేకుండా ఇంత కట్టడం లేవదు. గడీ ముందు నుంచి నడిచేవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని పోవాల్సిన రోజులవి. మీరు వెళ్దామనుకుంటున్న విసునూరు ఆ కథకి నడిబొడ్డు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలం పంట దక్కించుకోవడానికి ఎదురు నిలిచింది విసునూరు దేశ్‌ముఖ్ మీదే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది ఆ దొర మనుషుల కాల్పుల్లోనే. ఆ తర్వాత 1951 దాకా సాయుధ పోరాటం నడిచింది. మధ్యలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మిగిలిన దొరల్లో చాలామంది 1978 తర్వాత, జగిత్యాల, సిరిసిల్ల వైపు నక్సలైట్ ఉద్యమం లేచాక పట్నం బాట పట్టారు. అందుకే ఒక గడీలో దర్వాజా విరిగి ఉంటే వానే విరిచిందని అనుకోకండి. కొన్నిచోట్ల ఆ పని జనం చేశారు. ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు "ఎంత అద్భుతమైన బిల్డింగు, ఇలా వదిలేశారేంటి" అని నోరు జారకండి. ఆ మాట నేను ఒకసారి అని, ఎదుటి మనిషి ముఖం చూసి మళ్ళీ అనలేదు.

నల్గొండ వైపు ఒక గడీకి ఎనభై దాటిన తాత ఒకాయన దారి చూపించడానికి నాతో వచ్చాడు. దర్వాజా దగ్గర ఆగాడు. చేతికర్ర గోడకి ఆనించి, కుడికాలి చెప్పు సగం విడిచి, ఒక్క క్షణం అలాగే నిలబడి, మళ్ళీ తొడుక్కున్నాడు. "గిప్పుడు ఎవనికి ఇడవాలె బిడ్డా" అని నవ్వి, చెప్పులు టపటపలాడించుకుంటూ లోపలికి నడిచాడు. కెమెరా నా మెడలోనే ఉంది. తీయాలనిపించలేదు.

మీరు విసునూరుకి ముందు దోమకొండ చూస్తే బాగుంటుందని నా అభిప్రాయం. కామారెడ్డి జిల్లా, నాగపూర్ హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు. అది పాడుబడింది కాదు, వారసులు ఏళ్ళ తరబడి శ్రద్ధగా బాగుచేయించుకున్నారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దానికి చోటు దక్కింది. ప్రైవేటు ఆస్తి కాబట్టి ముందే అడిగి వెళ్ళండి. పాడుబడ్డవి చూడాలంటే బాగుచేసినది చెబుతాడేంటి అనుకోవచ్చు. నిలబడి ఉన్న గడీ ఒకటి కళ్ళారా చూస్తే, కూలిన గడీలో ఏ మొండిగోడ ఏ గదో తెలుస్తుంది. లేకపోతే అన్నీ ఒకే రకం రాళ్ళ కుప్పల్లా కనబడతాయి. వనపర్తి రాజుల బంగ్లాలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది, గద్వాల కోటలో గుడీ ఉంది, కాలేజీ కూడా ఉంది. నిజామాబాద్ జిల్లాలో రాణి జానకీబాయి పేరు చెప్పుకునే సిర్నాపల్లి ఉంది, అడవి దారి, వానాకాలం అయ్యాక ఆ రోడ్డు మీద బండి నడపడమే ఒక సరదా. ఇంకా పేర్లు చాలా తెలుసు గానీ చెప్పను. ఒకసారి ఫోటోతో పాటు ఊరి పేరు రాసి పెట్టాను. ఆరు నెలలకి మళ్ళీ వెళ్తే, నేను దగ్గరగా ఫోటో తీసిన చెక్కుడు గుంజలు రెండు అక్కడ లేవు. నా ఫోటో వల్లే పోయాయని రుజువేం లేదు. అయినా అప్పట్నుంచి ఊరి పేర్లు రాయడం మానేశాను.

ఇక లోపలి సంగతి. గడీలో దెయ్యాలున్నాయని ప్రతి ఊళ్ళోనూ చెబుతారు, నాకైతే మిద్దె అంటేనే భయం. కట్టుబడి ఎలా ఉంటుందో చెబుతాను, చూడ్డం తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. గోడ నుంచి గోడకి టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్న వాసాలు), దంతెల మీద చెక్క పలకలు గానీ బండలు గానీ, ఆ పైన జానెడు మందాన డంగు సున్నం, ఇటుక ముక్కలు. టేకు గట్టిదే, నడిమి భాగం వందేళ్ళయినా చెక్కుచెదరదు. పాడయ్యేది గోడలోకి దూరి ఉన్న కొస. వాన నీళ్ళు గోడ వెంబడి దిగి అక్కడ నిలుస్తాయి. కింద నుంచి చూస్తే దూలం నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల కొస మాత్రం పిండి అయిపోయి ఉంటుంది. అందుకే దూలాన్ని చూడకండి, దూలం గోడలోకి దూరే చోటు చూడండి. టార్చి వేసి, అక్కడ నల్లటి తడి మరక గానీ, తెల్లటి ఉప్పు గానీ, సరిగ్గా దాని కింద నేల మీద సన్నటి చెక్కపొట్టు గానీ కనబడితే, ఆ మిద్దె ఎక్కను, ఆ గదిలోకీ పోను. గోడలో రావో జువ్వో మొలిస్తే వేళ్ళు రాళ్ళని విడదీసేస్తాయి, అలాంటి గోడకి ఆనుకుని ఫోటో దిగకండి. వానలు పడ్డ వారం అసలు వెళ్ళకండి. సున్నం, మట్టి నీళ్ళు తాగి బరువెక్కి ఉంటాయి. మెట్లు ఎక్కాల్సి వస్తే గోడ వైపు అంచున ఎక్కండి, నడుమన వద్దు.

ఇవన్నీ పుస్తకం చదివి చెప్పడం లేదు. నాలుగేళ్ళ కిందట ఒక గడీ పైఅంతస్తు వసారాలో రెండో అడుగు వేశానో లేదో, ఎడమకాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. కింద గదిలో సున్నం పెళ్ళలు పడ్డ చప్పుడు వినబడింది, నేను మాత్రం అక్కడే ఇరుక్కున్నాను. వెంట వచ్చిన స్నేహితుడు తెలివైనవాడు, నా దగ్గరికి పరుగెత్తుకు రాలేదు. గోడ పక్కనే బోర్లా పడుకుని, నా బ్యాగు పట్టీ పట్టుకుని మెల్లగా లాగాడు. పిక్క మీద పలక చీరేసింది, ఏడు కుట్లు, ఒక టీటీ ఇంజక్షన్. అసలు నరకం ఆ తర్వాత. 90 కిలోమీటర్లు తిరిగి రావాలి, గేర్లు ఎడమకాలితోనే కదా. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా గేరు తగ్గించినప్పుడల్లా నక్షత్రాలు కనబడ్డాయి. పల్లె రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో ఆ రోజు లెక్క తేలింది. అప్పట్నుంచి పైఅంతస్తులు ఎక్కడం దాదాపు మానేశాను. ఎక్కకపోతే కొంపేం మునగదు, మంచి ఫోటోలన్నీ కింది నుంచే వస్తాయి.

నేల మీద కూడా కళ్ళు పెట్టాలి. పెరట్లో బావి ఉంటుంది, దాని చుట్టూ గోడ ఎప్పుడో పోయి ఉంటుంది, మీద సర్కారు తుమ్మ అల్లుకుని ఉంటుంది. ధాన్యం దాచిన పాతరలు ఉంటాయి, మీది బండ జరిగిపోయి ఉంటుంది. గడ్డి మోకాలెత్తున ఉన్న చోట కర్రతో పొడుచుకుంటూ నడవండి. ఆ కర్ర పాములకీ పనికొస్తుంది. రాళ్ళ సందుల్లోకి చెయ్యి పెట్టకుండా, పొడుగు బూట్లు వేసుకుని, అడుగుల చప్పుడు చేసుకుంటూ నడిస్తే పాము దాని దారిన అది పోతుంది. ఖర్మకాలి కరిస్తే గాటు పెట్టడం, బిగించి కట్టడం, ఊళ్ళో పసరు వైద్యం, ఇవేమీ వద్దు. కదలకుండా కూర్చుని 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఏరియా హాస్పిటల్ ఎక్కడుందో బయల్దేరే ముందే చూసి పెట్టుకోండి. గబ్బిలాల గదిలోకి మాస్కు లేకుండా పోవద్దు, ఆ రెట్ట ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేవి తేనెటీగలు. పెద్ద తేనెతుట్టె కనబడితే ఆ వైపే పోను. సెంటు కొట్టుకుని పోవద్దు, సిగరెట్ వెలిగించొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు.

ఏమేం పట్టుకెళ్ళాలో పెద్ద లిస్టు అక్కర్లేదు. టార్చి ఒకటి కాదు, రెండు. మూడు లీటర్ల నీళ్ళు. మాస్కు, గ్లౌజులు, ఫస్ట్ ఎయిడ్, పవర్ బ్యాంకు, ఐడీ కార్డు. బండి హెల్మెట్ పెట్టుకుని లోపల తిరిగితే మెడ లాగేస్తుంది, పక్కలు కనబడవు. బిల్డింగు పనివాళ్ళు పెట్టుకునే పసుపు టోపీ ఒకటి కొనుక్కోండి, రెండు మూడు వందలకే దొరుకుతుంది. కొంచెం వింతగా కనబడతారు, పర్లేదు.

బండి గురించి. క్లాసిక్ మంచి బండే, నాకేం కోపం లేదు. కానీ పల్లె దారులకి వంద, నూట యాభై సీసీ బండి సుఖం. ఏ మండల కేంద్రంలో అయినా స్ప్లెండర్ బాగుచేసే మెకానిక్ దొరుకుతాడు, మీ బండికి దొరక్కపోవచ్చు. క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైరు, ప్లగ్గు, ఫ్యూజులు డిక్కీలో పెట్టుకోండి. గడీల చుట్టూ ఉండే సర్కారు తుమ్మ ముల్లు బూటు అడుగునే దిగుతుంది, టైరు ఒక లెక్కా. మీది అల్లాయ్ చక్రాల మోడల్ అయితే ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న పంపు సరిపోతాయి. స్పోక్ చక్రాలదైతే స్పేర్ ట్యూబులు, టైరు లీవర్లు ఉండాలి, వాటితో ఇంటి ముందు ఒకసారి టైరు విప్పి బిగించి చూసుకోవాలి. రోడ్డు పక్కన ఎండలో మొదటిసారి నేర్చుకునే విద్య కాదది. నల్లరేగడిలో సైడ్ స్టాండ్ దిగబడి బండి ఒరిగిపోతుంది, స్టాండ్ కింద పలకరాయి పెట్టండి. పెట్టే చోటు మాత్రం ఎవరో ఒకరి ఇంటి ముందు, చెప్పి పెట్టాలి. పొదల చాటున బండి పెట్టినవాడి కథ పైన చదివారుగా.

వడ్ల సీజన్‌లో రోడ్డు మీద జాగ్రత్త. కోతలయ్యాక రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్ళు పేరుస్తారు. పగలు వడ్ల మీద బ్రేకు వేస్తే ఇసక మీద వేసినట్టే. చీకటి పడ్డాక టార్పాలిన్ కప్పి ఉంటుంది, నల్ల టార్పాలిన్, నల్ల రోడ్డు, మధ్యలో రాళ్ళు. ఏటా ఆ రోజుల్లో ఇలాంటి ప్రమాదాల వార్తలు వస్తూనే ఉంటాయి. సాయంత్రం గేదెలు ఇళ్ళకి మళ్ళే వేళకి మీరు హైవే ఎక్కేసి ఉండాలి.

కోలార్ గురించి అడిగారు. అది ఒక్క ఆదివారం పని కాదు, ఇక్కడి నుంచి ఆరొందల కిలోమీటర్లు. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టింది, మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి దిగారు, 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. చిత్తూరు వైపు నుంచి కూలికి పోయి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉన్నాయి కాబట్టి మాట ఇబ్బంది ఉండదు. తెల్లదొరల బంగళాలు, క్లబ్బు, మారికుప్పం స్టేషన్, కార్మికుల లైన్ ఇళ్ళు, ఇవన్నీ రోడ్డు మీంచే చూడొచ్చు, రెండు రోజులు చాలవు. అక్కడ చేయకూడనివి రెండు. సైనైడ్ దిబ్బల మీద బండి ఎక్కించి వీడియోలు తీయడం ఒకటి. అది బంగారం తీశాక మిగిలిన పొడి, గాలికి లేచి నేరుగా ముక్కులోకి పోతుంది. రెండోది, షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావుల) జోలికి పోవడం. మూసిన గనిలో ఆక్సిజన్ చాలినంత ఉండకపోవచ్చు, వాసనా రాదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇనుము కోసం దిగినవాళ్ళు ఊపిరాడక చచ్చిపోయారు అక్కడ. మనకి దగ్గర్లో కావాలంటే ధర్మవరం దాటాక రామగిరి ఉంది. అదీ బంగారు గనే, అదీ అప్పుడే ఆగిపోయింది. జాగ్రత్తలూ అవే. మూతపడ్డ ఫ్యాక్టరీలు మాత్రం నేను బయటి నుంచే చూస్తాను. 2015 డిసెంబరులో ఆగిపోయిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట గేటు దగ్గర వాచ్‌మన్, కాంటీన్ దగ్గర పాత కార్మికులు చెప్పే మాటలే చాలు. లోపల తుప్పు పట్టిన రేకుల మధ్య మనకేం పని లేదు, పైగా తుక్కు దొంగల ఖాతాలో పడతాం.

రాత్రి లోపల పడుకోవడం వద్దు. గుప్తనిధుల వాళ్ళు వచ్చేది రాత్రే, వాళ్ళని పట్టుకోవడానికి ఊరి కుర్రాళ్ళు వచ్చేదీ రాత్రే. ఇద్దరిలో ఎవరికి దొరికినా మీకు మంచిది కాదు. ఒక్కడే వెళ్ళడం కూడా ఇప్పుడే వద్దు. నన్ను లాగిన స్నేహితుడు ఆ రోజు లేకపోతే ఆ వసారాలో ఎంతసేపు వేలాడేవాడినో తెలీదు, ఫోన్ చూస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఇంట్లో ఊరి పేరు, తిరిగొచ్చే టైమ్ రాసిపెట్టి పోండి. చాయ్ హోటల్ ఆయనకి కూడా "రెండింటికల్లా వచ్చి ఇక్కడే టీ తాగుతా" అని చెప్పి పోండి. రాకపోతే మొదట వెతికేది ఆయనే.

ఈ ఆదివారమే పోతానంటే, పొద్దున ఆరింటికల్లా ఉప్పల్ దాటండి. వరంగల్ హైవే, భువనగిరి, ఆలేరు, ఎనిమిదిన్నర లోపు జనగామలో టిఫిన్. అక్కడ ట్యాంకు నింపుకుని దేవరుప్పుల వైపు తిరగండి. వెనకో ముందో కడవెండి కూడా చూసి రండి, పెద్ద దూరం కాదు. విసునూరులో గడీ అడగడానికి ముందు ఐలమ్మ గురించి అడగండి, తెలిసిన పెద్దవాళ్ళు కూర్చోమంటారు. నాలుగున్నరకల్లా తిరుగు ప్రయాణం. బ్యాగులో మడత పార ఏమన్నా ఉంటే తీసి ఇంట్లో పెట్టి బయల్దేరండి.